సముద్రం లేని ఊళ్ళో సొర భయం

మాది మెదక్. పాత కాగితాల్లో సిద్ధాపురం, ఆ తర్వాత కొంతకాలం గుల్షనాబాద్. ఇప్పుడు నిలిచిన పేరు మెతుకు నుంచి వచ్చిందంటారు. ఊళ్ళో నిలబడి చూస్తే ఒక దిక్కు గుట్ట మీద ఖిల్లా, ఇంకో దిక్కు పెద్ద చర్చి. చుట్టూ నీళ్ళ కోసం ఎదురుచూసే పొలాలు. సముద్రానికీ మాకూ మధ్య రోడ్డు మీద నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. బందరు రేవు చూడాలంటే ఒక రాత్రంతా బస్సులో కూర్చోవాలి. అయినా మేం సొరచేపకు భయపడతాం. మా ఇంట్లో మూడు తరాలుగా ఆ భయం ఉంది. అందులో మొదటి తరం వాళ్ళలో చాలామంది సముద్రాన్నే చూడలేదు.

అస్తిత్వం గురించి రాయమంటే చేప గురించి రాస్తారేంటని మీరు అడగొచ్చు. మసీదు గురించి, ఉర్దూ గురించి, బురఖా గురించి, బిర్యానీ గురించి అడిగితే చెప్పడానికి మా దగ్గర మాటలు సిద్ధంగా ఉంటాయి. అడిగేవాళ్ళకూ ఆ ప్రశ్నలే తెలుసు. మా ఇళ్ళల్లో ఉండే మామూలు భయాల గురించి ఎవరూ అడగరు. నీళ్ళంటే మీకు భయమా అని ఇంతవరకు మమ్మల్ని అడిగినవాళ్ళు లేరు. కానీ ఒక ఇంటి భయం ఎక్కడ పుట్టి ఏ దారిన వచ్చిందో వెతుక్కుంటూ పోతే ఆ ఇంటి చరిత్ర సగం దొరుకుతుందని మాకనిపిస్తుంది. అందుకే ఈ రాత.

మొదట మాటల సంగతి. మేం ఇంట్లో మాట్లాడేది దక్కనీ, వీధిలో తెలుగు. దక్కనీలో మా పెద్దవాళ్ళకు నీళ్ళలో మనిషిని పట్టుకునే ప్రతిదీ మగరే. మొసలీ మగరే, సినిమాలో సొరా మగరే, బొమ్మల పుస్తకంలో తిమింగలమూ మగరే. ఇక తెలుగులో సొర అంటే మాకు తెలిసింది సొరకాయ. ఎండిన సొరకాయ బుర్రను నడుముకు కట్టుకుని మా ఊరి పిల్లలు బావుల్లో ఈత నేర్చుకునేవాళ్ళు. అంటే మా దగ్గర సొర అనేది మునగకుండా కాపాడేది. సముద్రం పక్కన అదే మాటకు కాటు వేసే చేప అని అర్థమని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ బుర్రలు కట్టుకుని దూకే పిల్లల్లో మేం లేం. మా గల్లీ పిల్లలు గట్టు మీద కూర్చుని చూసేవాళ్ళు. గౌండ్లోళ్ళ పిల్లలు, ముదిరాజుల పిల్లలు, మాదిగ పిల్లలు ఎవరి బావిలో వాళ్ళు చేపల్లాగ తిరిగేవాళ్ళు. మా మగపిల్లలు దొంగతనంగా దిగితే ఇంటికొచ్చాక తడి నెత్తి చూసి దెబ్బలు పడేవి. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. బకెట్టులో తప్ప నీళ్ళను నిండుగా ముట్టుకున్న ఆడపిల్ల మా ఇంట్లో లేదు. 'పానీ మే నక్కో జావ్, మగర్ ఖీంచ్ లేతా' అనేది మా దాదీ. నీళ్ళల్లోకి పోవద్దు, మగర్ లాక్కుపోతుంది. ఆమె ఇంకేం చెప్పేది కాదు. ఎందుకని అడిగితే దువాలు చదివి మా నెత్తి మీద ఊదేది.

మగర్ అబద్ధం కాదు. మా మంజీరలో మొసళ్ళున్నాయి. బీడ్ జిల్లా గుట్టల్లో పుట్టి, బీదర్ మీదుగా మా దగ్గరికొచ్చి గోదావరిలో కలిసే నది అది. సంగారెడ్డి దగ్గర ఆ నదీ భాగాన్ని 1978లో మొసళ్ళ కోసమే అభయారణ్యం చేశారు. అప్పటికి మొసళ్ళు దాదాపు కనపడకుండా పోయే స్థితికొస్తే కాపాడి పెంచారు. సంగారెడ్డి 2016 దాకా మా జిల్లానే. ఇక మా దిక్కు ఘనపురం ఆనకట్ట ఉంది. 1905లో కట్టింది. దాని రెండు కాల్వల పేర్లు మహబూబ్ నహర్, ఫతే నహర్. ఏడుపాయల దగ్గర నది ఏడు పాయలుగా చీలే చోట అమ్మవారి గుడి, శివరాత్రికి జాతర. ఆ జాతరకు మా ఇంటోళ్ళూ గాజులమ్మడానికి, ఖర్జూరాలమ్మడానికి పోయేవాళ్ళు. నది ఒడ్డున దుకాణం పెట్టుకుని రెండు రాత్రులు గడిపి, కాళ్ళు కూడా తడుపుకోకుండా తిరిగొచ్చేవాళ్ళు.

మా దాదీకి మొసలి భయం ఉండటంలో వింత లేదు. వింతేమిటంటే ఆమె నది పక్కకు పోవద్దన్నదానికన్నా బావి పక్కకు పోవద్దని ఎక్కువసార్లు చెప్పేది. మొసలి బావిలో ఉండదు. ఈ సంగతి మాకు పెద్దయ్యాక తట్టింది. అప్పటికి ఆమె లేదు. ఆమె చెల్లెలు ఉంది. ఆమెను అడిగితే చాలాసేపు తమలపాకు నమిలి, 'పోలీస్ యాక్షన్ మే బావులియాఁ భర్ గయీ థీఁ' అని ఒక్క మాట అని ఊరుకుంది. బావులు నిండిపోయాయని. దేనితో నిండాయో ఆమె చెప్పలేదు, మేం రెట్టించలేదు.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. ఐదు రోజుల్లో అయిపోయింది. ఆ తర్వాతి రోజుల్లో పల్లెల్లో ఏం జరిగిందో చూసి రమ్మని కేంద్ర ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌లతో కూడిన కమిటీని పంపింది. వాళ్ళ నివేదిక అరవై ఏళ్ళకు పైగా జనానికి అందుబాటులో లేదు. 2013లో బయటికొచ్చింది. మొత్తం రాజ్యంలో చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని అందులో ఉంది. ఔరంగాబాద్, బీడ్, నల్గొండ, మెదక్ జిల్లాల్లో కలిపి కనీసం ఐదు వేల మంది అని ఉంది. శవాలతో ఉన్న బావులను తాము కళ్ళారా చూశామని కూడా ఉంది. అంతకు ముందు రజాకార్లు ఊళ్ళ మీద పడి చేసిన దుర్మార్గం కూడా అబద్ధం కాదు. ఆ ఊళ్ళల్లోనూ ముసలమ్మలు పిల్లలకు చెప్పకుండా మింగిన సంగతులు ఉండే ఉంటాయి. మేం చెప్పేది మా ఇంటి సంగతి. మా దాదీ మగర్ అన్నప్పుడు ఆ మాటలో మొసలి ఎంత, బావి ఎంత అని ఇప్పుడు విడదీయడం మా వల్ల కాదు. పిల్లలకు చెప్పలేని దానికి ఆమె ఒక జంతువు పేరు పెట్టుకుంది. జంతువు అయితే చెప్పుకోవచ్చు. మనుషులైతే, ఆ మనుషుల మధ్యనే రేపు కూరగాయలు కొనుక్కోవాలి.

ఇట్లా మొసలి మా ఇంట్లోకి వచ్చింది. సొర వచ్చింది హజ్ దారిలో.

మా హైదరాబాద్ రాజ్యానికి సముద్రం లేదు. గోల్కొండ కాలంలో మచిలీపట్నం మాదే. పదిహేడో శతాబ్దంలో అక్కడి నుంచి ఎర్ర సముద్రపు రేవులకు ఓడలు పోయేవి, వాటిలో హాజీలూ పోయేవాళ్ళు. తర్వాత బందరు చేజారింది. చివరి నిజాం పోర్చుగీసు వాళ్ళ గోవా రేవు కోసం బేరాలాడి చూశాడు గానీ అది కుదరలేదు. అందుకని మెదక్ నుంచి హజ్‌కు పోయేవాళ్ళు మొదట రైలెక్కి బొంబాయి పోయి, అక్కడ ఓడ ఎక్కేవాళ్ళు. బొంబాయి నుంచి జెద్దాకు వారం పైనే. జీవితంలో చెరువు కన్నా పెద్ద నీళ్ళు చూడనివాళ్ళు ఏకంగా అరేబియా సముద్రం మీద పడేవాళ్ళు.

హజ్‌కు సాగనంపేటప్పుడు ఇల్లంతా ఏడ్చేది. అది భక్తి ఒక్కటే అనుకోకండి. పోయేవాళ్ళు ఎక్కువమంది ముసలివాళ్ళు. ఓడ మీద చచ్చిపోతే నేల దొరకదు. గుస్ల్ చేయించి, కఫన్ చుట్టి, జనాజా నమాజు చదివి సముద్రానికి ఇచ్చేస్తారు. షరియత్‌లో దానికి అనుమతి ఉంది. మక్కా దారిలో చావడం మంచి చావని చెప్పుకునేవాళ్ళు. కానీ మట్టి ఇవ్వడానికి ఊరంతా వచ్చి పిడికెడు పిడికెడు వేసే అలవాటున్న మాకు, సముద్రంలో వదలడమంటే గుండె ఆగినంత పని. తిరిగొచ్చిన హాజీలు జమ్‌జమ్ నీళ్ళు, ఖర్జూరాలు పంచి, ఓడ వెంట వచ్చే పెద్ద పెద్ద చేపల గురించి చెప్పేవాళ్ళు. ఓడ మీది నుంచి పారేసిన తిండి కోసం అవి వస్తాయని చెప్పేవాళ్ళు. వినేవాళ్ళు వేరేగా వినేవాళ్ళు. అవి దేనికోసం వస్తున్నాయో మా ఆడవాళ్ళు మనసులోనే తేల్చుకునేవాళ్ళు. ఆ హజ్ ఓడలు 1995తో ఆగిపోయాయి. ఇప్పుడు అందరూ విమానంలోనే పోతున్నారు. ఓడలు పోయినా చేపలు మాత్రం మా ఇంట్లో ఉండిపోయాయి.

చేప అంటే మాకు యూనుస్ ప్రవక్త గుర్తొస్తాడు. చేప కడుపులో చీకట్లో ఉండి అల్లాను పిలిచినవాడు. కష్టమొస్తే ఆయన చదివిన దువాను మా ఇంట్లో వందలసార్లు చదువుతారు. ఆ కథలో చేప శత్రువు కాదు. మింగమన్న హుకుం వచ్చింది కాబట్టి మింగింది, వదలమన్నప్పుడు ఒడ్డున వదిలింది. ఇది మా మౌల్వీసాబ్ ఎప్పుడూ చెప్పేవాడు. చిన్నప్పుడు మాకు ఆ చివరి సగం గుర్తుండేది కాదు. మింగడమే గుర్తుండేది.

గల్ఫ్ తలుపులు తెరుచుకున్నాక సముద్రం మాకు దగ్గరైంది. మా మామూ 1980లలో జెద్దా పోయాడు, సెంట్రింగ్ పనికి. మెదక్, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి పోయిన హిందువులు, ముస్లింలు ఒకే క్యాంపులో, ఒకే గదిలో. జుమ్మా రోజు సెలవు. సాయంత్రం అందరూ కలిసి కార్నిష్‌కు పోయేవాళ్ళు. ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడిచి, నీళ్ళలో అంతవరకే నిలబడి ఫోటోలు దిగేవాళ్ళు. ఆ ఫోటోలు మా ఇంట్లో ఇంకా ఉన్నాయి. వరసగా నిలబడ్డ పదిమంది మెతుకు సీమోళ్ళు, వెనక అంతులేని నీలం. ఒక్కడి మోకాలు కూడా తడవలేదు. ఇక్కడ మాత్రం మతం తేడా లేదు. మగర్ అన్నవాళ్ళూ మొసలి అన్నవాళ్ళూ అందరూ ఒకే గీత దగ్గర ఆగారు.

మామూ చెప్పేవాడు, ముత్యాలు తీసేవాళ్ళ సంగతి. ఈ గల్ఫ్ అంతా చమురు దొరక్క ముందు ముత్యాల మీద బతికింది. ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని, ఊపిరి బిగబట్టి అడుగుకు దిగేవాళ్ళు. వాళ్ళకు సొర భయం నిజమైన భయం, రోజువారీ భయం. మన చార్మినార్ దగ్గర బస్రా ముత్యాలని అమ్మినవి ఆ నీళ్ళ నుంచి వచ్చినవే. నవాబుల మెడల్లో వేలాడినవీ అవే. 1930ల నాటికి జపాన్ వాళ్ళు పెంచిన ముత్యాలొచ్చి ఆ పని పడిపోయింది. ఎవరి భయం మీద ఎవరి మెడలు మెరిశాయో మామూ ఆ సముద్రం పక్కనే తెలుసుకున్నాడు. ఎనిమిది మందికి ఒక్క కిటికీ ఉన్న గదిలో ఉంటూ తెలుసుకున్నాడు.

ఆ గదిలోనే వీసీఆర్ మీద 'జాస్' సినిమా చూశారు. 1975లో అమెరికాలో వచ్చిన స్పీల్‌బర్గ్ సినిమా. ముందటేడు పీటర్ బెంచ్లీ రాసిన నవల దానికి ఆధారం. మామూ సెలవు మీద వచ్చినప్పుడు ఆ క్యాసెట్ మా ఊరికీ వచ్చింది. వీధి అంతా మా దాలాన్‌లో కూర్చుని చూసింది. ఇంగ్లీషు ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కావాల్సిన పనీ లేదు. ఆ సినిమాలో సగం దాటేదాకా సొర సరిగ్గా కనపడదు. దానికోసం చేసిన యంత్రం ఉప్పునీళ్ళకు మాటిమాటికీ పాడవుతుంటే, సొరను చూపించకుండానే నీళ్ళను, సంగీతాన్ని చూపించి నడిపించారు. అందుకే అంత భయపెట్టింది. కనపడనిది ఎంత పెద్దదైనా కావచ్చు. బెంచ్లీ తర్వాతి కాలంలో సొరల మీద అంత ద్వేషం పెంచినందుకు బాధపడి, 2006లో చనిపోయేదాకా సముద్ర జీవుల రక్షణ కోసం పనిచేశాడు. ఆ సంగతి మాత్రం క్యాసెట్‌లో ఎవరికీ రాలేదు.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. సొరల్లో ఐదు వందలకు పైగా జాతులున్నాయి. మనుషుల్ని చంపిన కేసులు ఎక్కువ భాగం మూడు జాతుల మీదే ఉన్నాయి. మనిషి వాటికి తిండి కాదు, చాలాసార్లు ఒకసారి కొరికి వదిలేసి పోతాయి. ఫ్లోరిడాలో ఈ లెక్కలు రాసిపెట్టే వాళ్ళ ప్రకారం 2024లో ప్రపంచం మొత్తం మీద మనిషి రెచ్చగొట్టకుండా సొర కరిచిన సంఘటనలు 47. వాటిలో చనిపోయినవాళ్ళు నలుగురు. మరోపక్క 2021లో ప్రపంచంలో నీళ్ళలో మునిగి చనిపోయినవాళ్ళు 3 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలోనే 2022లో 38 వేల మందికి పైగా మునిగి చనిపోయారు. సొరలు మనల్ని చంపింది నాలుగైతే మనం చంపేది ఏడాదికి దాదాపు 10 కోట్ల సొరలని 2013లో శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. రెక్కల సూపు కోసం, మాంసం కోసం, వలల్లో వేరే చేపలతో పాటు.

ఈ అంకెల్లో మాకు సంబంధించింది మునిగిపోయిన వాళ్ళ లెక్క. వేసవి సెలవుల్లో చెరువులోనో కాల్వలోనో పిల్లలు మునిగిపోయారన్న వార్త లేని ఏడాది మాకు గుర్తులేదు. ఒకడు జారితే వాణ్ణి పట్టుకోబోయి ఇంకొకడు. వాళ్ళను ఏ మొసలీ ముట్టుకోలేదు. ఈత రాకపోవడమే వాళ్ళను చంపింది. నీళ్ళలో మునిగి చనిపోయినవాళ్ళకు షహీద్ దర్జా ఉందని హదీసులో ఉంది. జనాజా దగ్గర ఆ మాట తల్లికి కొంచెం ఊరటనిస్తుంది. కాదనం. కానీ ఆ ఊరట అవసరం రాకుండా చూడటం కూడా మన పనే కదా. పిల్లలకు ఈత, విలువిద్య, గుర్రపు స్వారీ నేర్పమని హజ్రత్ ఉమర్ చెప్పాడని కూడా పెద్దలే చెబుతారు. ఆ మాటను మా వీధిలో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

భయానికి లెక్కలు పట్టవు. దానికి మొదట ఒక పేరు కావాలి, ఆ తర్వాత ఒక దేశమో మతమో కావాలి. 2010 డిసెంబర్‌లో ఈజిప్టులోని షర్మ్ అల్ షేక్ దగ్గర ఎర్ర సముద్రంలో కొద్దిరోజుల్లోనే సొరలు ఐదుగురి మీద పడ్డాయి. ఒక జర్మన్ స్త్రీ చనిపోయింది, నలుగురు గాయపడ్డారు. సొరను ఇజ్రాయెల్ గూఢచారులే వదిలారని పుకారు పుట్టింది. ఆ ప్రాంతపు గవర్నర్ కూడా అది జరగని పనేమీ కాదని అన్నాడు. మా వీధి చాయ్ హోటల్లో కూడా దాన్ని నమ్మినవాళ్ళున్నారు. అంత పొద్దున్నే సొర ఎవరి తరఫున వచ్చిందో వాళ్ళకు తెలిసిపోయింది. మేం దాన్ని నవ్వులాట కింద కొట్టేయలేకపోయాం. ఎందుకంటే చేపకే మతం అంటగట్టగలిగిన మనసు, పేరు విన్న మనిషిని చేపను చేయడం ఎంత సేపు? పట్నంలో ఇల్లు అద్దెకు అడగడానికి పోతే, ఇంటాయన గేటు దగ్గర మంచిగానే మాట్లాడి, పేరు అడిగి, ఆ తర్వాత ఇల్లు ఎవరో మాట్లాడుకున్నారని చెప్పిన అనుభవం మాకు ఒకటి కాదు. ఆ ఇంటాయన జన్మలో ఒక ముస్లింతో కలిసి ఉండలేదు. చూడని దాని మీద భయం. ఆయన భయానికి సంగీతం ఎవరు వాయించారో మాకు తెలుసు. ఆయన్ని తిట్టాలనిపించదు. మేమూ చూడని దానికి భయపడుతూ పెరిగినవాళ్ళమే. కానీ మేం భయపడ్డ సొరకు మా వల్ల ఇల్లు పోలేదు. తేడా అక్కడుంది.

సముద్రపు ఒడ్డున కూడా అసలు గొడవ సొరతో కాదని చెప్పడానికి ఆస్ట్రేలియా సంగతి చాలు. సొర భయంతో కొన్ని బీచ్‌ల దగ్గర వలలు కట్టుకున్న దేశం అది. 2005 డిసెంబర్ 11న సిడ్నీ పక్కన క్రొనుల్లా బీచ్ దగ్గర వేలమంది గుమిగూడి, అరబ్బు మొహం కనపడ్డ వాణ్ణల్లా వెంటపడి కొట్టారు. ఒడ్డు మాది అన్నది వాళ్ళ మాట. ఆ తర్వాత అక్కడి ప్రాణరక్షక సంఘాలే ముందుకొచ్చి అరబ్బు కుటుంబాల పిల్లలకు శిక్షణ ఇచ్చాయి. 2007లో మక్కా లాలా అనే అమ్మాయి తల నుంచి కాళ్ళ దాకా కప్పే ఈత దుస్తులు వేసుకుని ప్రాణరక్షకురాలైంది. ఆ దుస్తులు తయారుచేసింది అహేదా జనెట్టీ, సిడ్నీ ముస్లిం స్త్రీయే. సముద్రంలో మునిగేవాళ్ళను కాపాడటానికి పనికొచ్చిన ఆ గుడ్డనే 2016 ఆగస్టులో ఫ్రాన్సు తీరపు ఊళ్ళు ఒకదాని తర్వాత ఒకటి నిషేధించాయి. అదే నెల 26న అక్కడి పైకోర్టు ఒక ఊరి నిషేధాన్ని ఆపింది. దిగనివ్వనివాళ్ళు ఇంట్లో ఉన్నారు, దిగితే ఊరుకోనివాళ్ళు ఒడ్డున ఉన్నారు. మధ్యలో ఆడపిల్ల నీళ్ళను చూస్తూ నిలబడింది.

మా ఆపా బిడ్డ అట్లాగే నిలబడింది. హైదరాబాద్‌లో చదువుకుంటూ ఈత నేర్చుకుంటానంది. ఇంట్లో పెద్ద పంచాయితీ. మా అమ్మీ, అంటే ఆ పిల్ల నానీ, మొదట బట్టల గురించి అడిగింది, తర్వాత మగవాళ్ళ గురించి అడిగింది. రెండింటికీ జవాబు వచ్చాక అసలు సంగతి బయటపడింది. 'మగర్ కా డర్ హై బేటీ' అంది. 'స్విమ్మింగ్ పూల్ మే మగర్ కహాఁ సే ఆతా నానీ' అని పిల్ల నవ్వింది. అమ్మీ నవ్వలేదు. ఆమెకు తన అత్త చెప్పని మాటలన్నీ తెలుసు. చాలాసేపటికి, 'నేర్చుకో, కానీ ఒంటరిగా దిగకు' అంది. మా ఇంట్లో డెబ్బై ఏళ్ళ తర్వాత వచ్చిన అనుమతి అది.

మొదటి కొలను వాళ్ళు ఒళ్ళంతా కప్పుకుని వస్తే కుదరదన్నారు. నీళ్ళు పాడవుతాయట. అదే నైలాన్ గుడ్డ పొట్టిగా ఉంటే పాడవని నీళ్ళు పొడుగ్గా ఉంటే ఎట్లా పాడవుతాయో వాళ్ళు చెప్పలేదు. రెండో చోట ఆడవాళ్ళకు పొద్దున ఒక గంట విడిగా ఉంది. నేర్పే టీచరు ఆంధ్రా తీరం ఆమె, చేపలు పట్టేవాళ్ళ ఇంటి పిల్ల. మా పిల్లకు నలభై రోజులు పట్టింది. సొరకాయ బుర్ర లేదు, రబ్బరు బెల్టు ఉంది. నీళ్ళలో ఒళ్ళు వదిలేయడమే కష్టమంది పిల్ల. కాళ్ళు చేతులు ఆడించడం తర్వాత. ముందు నీళ్ళు మనల్ని మొయ్యగలవని నమ్మాలట.

ఆ ఏడు మేమంతా విశాఖపట్నం పోయాం. చేపల రేవు దగ్గరే మేం మొదటిసారి సొరను చూశాం. బుట్టలో ఉంది. మూరెడు పొడుగు. బూడిద రంగు. అమ్మే ఆమె దాన్ని పాల సొర అంది. ఉడికించి, ముల్లు తీసి, పొడిపొడిగా చేసి ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయతో వేయించి బాలింతలకు పెడతామని, పాలు బాగా పడతాయని చెప్పింది. అమ్మీ చాలాసేపు దాన్నే చూసింది. ఇది హలాలేనా అని పక్కావిడ అడిగితే, చేపకు జిబహ్ అక్కర్లేదు కదా అని తనే జవాబిచ్చింది. డెబ్బై ఏళ్ళు మా ఇంట్లో పెరిగిన మగర్ అక్కడ బాలింతల కూర. కొనమంటారా అని అడిగితే వద్దంది. భయం వల్ల కాదట. 'పాపం, బచ్చీ హై' అంది. దాని వెనక పెద్ద సొరలు కూడా ఉంటాయి, అవి కరుస్తాయి కూడా. ఆ సంగతి ఆ చేపలామెకు మాకన్నా బాగా తెలుసు. రోజూ ఆమె భర్త అదే నీళ్ళ మీదకు పోతాడు. భయపడుతూనే పోతాడని చెప్పింది.

ఆ సాయంత్రం బీచ్ దగ్గర మా పిల్ల నడుము లోతు దాకా పోయింది, ఇంకా పోలేదు. కొలను వేరు, సముద్రం వేరు అని టీచరు ముందే చెప్పిందట. కెరటం వెనక్కి లాగే చోట ఈత వచ్చినవాళ్ళు కూడా ఆగాలట. మేం మోకాళ్ళ దగ్గరే ఆగాం. మా భయం పోలేదు. పోయిందని చెబితే మీకు బాగుంటుందేమో గానీ అది నిజం కాదు. నీళ్ళు కాళ్ళ కింది ఇసుకను లాగుతున్నప్పుడు బావిలియాఁ అన్న ఆ ముసలామె మాటే గుర్తొచ్చింది.

అయినా ఒక సంగతి తేలింది. మా దాదీ భయాన్ని మేం అవమానించం. ఆమెకు దానికి కారణం ఉంది. ఆ కారణాన్ని పిల్లలకు దాని అసలు పేరుతోనే చెబుతాం, మొసలి పేరుతో కాదు. ఆ పేరు చెప్పుకోవడానికి మనందరికీ, మీకూ మాకూ, కొంచెం ధైర్యం కావాలి. ఈత మాత్రం నేర్పుతాం. మా మెదక్‌లో ఆడపిల్లలు ఈత నేర్చుకోవడానికి ఒక చోటు, రోజుకు ఒక గంట, నేర్పే ఒక ఆడమనిషి కావాలని ఇప్పుడు వీధి వీధిలో అడుగుతున్నాం. మొదట సంతకం పెట్టింది మా అమ్మీ. ఉర్దూలో పెట్టింది. రెండో సంతకం మా పక్కింటి గౌండ్ల అవ్వది, వేలిముద్ర. ఆమె మనవడు పోయినేడు కాల్వలో పోయాడు.